సిక్ అని రాయని డబ్బా

1949 జనవరి 9, ఆదివారం

నా భార్య ప్రేమమణి తాను పాఠాలు చెప్పే బడి నుంచి వాడని హాజరు పుస్తకం ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది.

"లూకా సువార్తలో మీ పేరే ఉన్న జకర్యాకు నోరు పడిపోతే పలక ఇచ్చారు. మీకిదిగో ఇది. నాతో చెప్పరు, పాస్టరుగారితో చెప్పరు. దీనితోనైనా చెప్పి చావండి" అంది. ఒంగోలు పిల్ల. ఇరవై రెండేళ్లుగా సికిందరాబాదు నీళ్లు తాగుతున్నా నోరు మాత్రం ఒంగోలుదే.

సరే. ఓ హాజరు పుస్తకమా, నీకు నా సంగతి తెలియదు కాబట్టి చెబుతున్నాను. స్టేషన్‌లో రైలు ఆగగానే పొడుగు కర్ర ఉన్న సుత్తితో ఒక్కొక్క చక్రాన్నీ కొట్టి చెవి పెట్టడం నా పని. మంచి చక్రం ఠంగుమని గంటలా పలుకుతుంది. పగులున్నది దబ్‌మంటుంది. పలికితే ఆ డబ్బా మీద చాక్‌ముక్కతో 'ఫిట్' అని రాస్తాను. పలకకపోతే 'సిక్' అని రాస్తాను. సిక్ రాసిన డబ్బాను విడదీసి మరమ్మతుకు సిక్ లైనుకు తోసేస్తారు. ఇరవై ఆరేళ్లలో ఒక్క తప్పుడు మాట రాయలేదు. ఈ చేతికి ఆ పేరుంది.

ఈ వారం తొమ్మిది డబ్బాలు సిక్ రాశాను. తొమ్మిదీ పగిలినవే. యుద్ధం తర్వాత ఇనుము నాణ్యత చెడింది. అంతకు మించి ఏమీ లేదు.

జనవరి 11

ఈ రెండు రోజుల్లో ఆరు. అన్నీ పగిలినవే.

పోస్టు జవాను మన గుమ్మం దాటి వెళ్లిపోయాడు. నేను ఎదురు చూడలేదు.

జనవరి 14, శుక్రవారం

సిక్ లైను కమ్మరి బ్రహ్మచారి నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. నేను సిక్ రాసిన చక్రాలకు నిన్న గాసునూనె పట్టించి, తుడిచి, పైన సుద్ద పూశాడట. పగులు ఎంత సన్నగా ఉన్నా అందులో దాగిన నూనె మెల్లగా పైకి వచ్చి తెల్లటి సుద్ద మీద నల్లగీతలా కనబడుతుంది. కొట్టాల్సిన పని లేదు, ఓపిక పట్టాలి, అంతే.

"చూడన్నా. ఏడున్నది గీత?" అన్నాడు.

పదిహేను డబ్బాలు. సుద్ద అంతా సున్నం వేసిన గోడలా తెల్లగా ఉంది.

"నీ నూనె పాతది" అన్నాను.

"నూనె పాతదే గానీ, నీకేందో అయింది జకర్యన్నా. ఎందుకు పరేషాన్ అయితున్నవ్? జెర చెప్పరాదు?"

వాడి మీద అరిచాను. ఏమని అరిచానో ఇక్కడ రాయను. వాడు సుద్ద డబ్బా మూత పెట్టుకుని, "మంచిది, పో. చాయ్ తాగి పండుకో" అన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

జనవరి 16, ఆదివారం

మధ్యాహ్నం అన్నం తిని కునుకు తీస్తే కల. పొగమంచులో, సిక్ లైను చివర ఉండే 2317 నంబరు డబ్బా నిలబడి ఉంది. దానికి చక్రాలు లేవు. అయినా కదులుతోంది, పడవలా, చప్పుడు లేకుండా. నేను సుత్తి పట్టుకుని పక్కన నడుస్తున్నాను. కొట్టడానికి ఏమీ లేదు. కిటికీలో నా స్నేహితుడి కూతురు నూరీ కూర్చుని ప్రేమమణి నేర్పిన ఎక్కాలు చదువుతోంది. పెదవులు కదులుతున్నాయి గానీ మాట వినబడదు. భయమేమీ లేదు కలలో. చల్లగా, హాయిగా ఉంది. మెలకువ వచ్చాకే భయం.

జనవరి 20

ఫోర్‌మన్ రిచర్డ్ దొర పిలిచాడు. నా వల్ల ఈ నెలలో నాలుగు బండ్లు ఆలస్యమయ్యాయి. "జకర్యా, నీ చెవి మీద ఈ లైనంతా బతికింది. ఇప్పుడు నువ్వు మంచిదాన్ని పగిలిందంటున్నావు. రేపు పగిలిందాన్ని మంచిదంటే?" అన్నాడు.

దారి పొడుగునా అదే మాట. రేపు పగిలిందాన్ని మంచిదంటే? డబ్బాకు డెబ్భై మంది.

జనవరి 23, ఆదివారం

గుడిలో కానుకల పళ్లెం ఎవరి చేతిలోంచో జారి పడింది. తర్వాత నేను బల్ల కింద ఉన్నాను. ఎలా వెళ్లానో తెలియదు. ప్రేమమణి కొంగు నా తల మీద కప్పి ఉంది. ఎమిలీ హార్మోనియం ఆపకుండా వాయిస్తూనే ఉంది, దేవుడు ఆమెను చల్లగా చూడాలి.

నడుం పట్టిందని చెప్పాం. నడుం పట్టినవాడు బల్ల కిందికి వెళతాడా అని ఎవరూ అడగలేదు.

ఫిబ్రవరి 5, శనివారం

కార్ఖానా బస్తీలో జీవరాజు డాక్టరు దగ్గరికి ప్రేమమణి బలవంతాన తీసుకుపోయింది. యుద్ధంలో బర్మా దాకా వెళ్లి వచ్చిన మనిషి. నా చెవులు చూస్తాడనుకున్నాను. చూడలేదు.

"ఏ దారిన పనికి పోతావు?" అని అడిగాడు.

"సరుకు గోదాం చుట్టూ తిరిగి."

"దగ్గర దారి లేదా?"

"సిక్ లైను చివరి నుంచి ఉంది."

"అక్కడేముంది?"

నేను గోడ మీది క్యాలెండరు చూశాను. ప్రేమమణి చెప్పింది, "ఒక డబ్బా ఉందండీ. అక్టోబరు నుంచి అక్కడే ఉంది."

డాక్టరు తొందరపడలేదు. కలలు అడిగాడు. నవ్వి ఎన్నాళ్లయిందో అడిగాడు. స్నేహితుల ఇళ్లకు పోవడం మానేశావా అన్నాడు. అన్నిటికీ ప్రేమమణే జవాబు చెప్పింది. ఆఖరికి ఆయన కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు.

"బర్మాలో నా దగ్గరికి ఇలాంటి సిపాయిలు వందల మంది వచ్చారయ్యా. ఒంటి మీద గీత కూడా ఉండదు. పళ్లెం పడితే నేలకు కరుచుకునేవాళ్లు. పిరికివాళ్లని కొట్టేవారు పై అధికారులు. పిరికితనం కాదది, పిచ్చీ కాదు. జరిగింది అయిపోయిందని లోపలి మనసుకు ఇంకా తెలియలేదు. రోజూ మళ్లీ జరుగుతోందనుకుంటుంది. దానికి నచ్చజెప్పాలి. మందుసీసాతో అయ్యే పని కాదు, టైం పడుతుంది."

రెండు పనులు చెప్పాడు. ఒకటి, ఆ రోజు జరిగింది మొదటి నుంచి చివరి దాకా దాటెయ్యకుండా రాయాలి. రెండు, ఆ డబ్బా వైపు వారానికి కొంత దగ్గరగా వెళ్లాలి, ఒంటరిగా కాదు. రిచర్డ్ దొరకు చీటీ కూడా రాశాడు. ఏప్రిల్ ఆఖరు దాకా నాకు ప్లాట్‌ఫారం పని లేదు, సిక్ లైనులో బ్రహ్మచారికి సాయం. మే ఒకటికి చెవి సరిగ్గా రాకపోతే సుత్తి అప్పగించి గోదాంలో తాళాలు చూసుకోవాలి.

సుత్తి లేకపోతే నేనెవరిని?

ఫిబ్రవరి 6, ఆదివారం

రాస్తున్నాను. సెప్టెంబరు 22, బుధవారం. పోలీసు యాక్షన్ ముగిసి అయిదో రోజు. జానీమియా, వాడి భార్య హుసేన్‌బీ, కూతురు నూరీ బీదరు వైపు బండి ఎక్కారు. నేను చక్రాలు కొట్టాను. ఫిట్. బండి వెళ్లింది. తొమ్మిది రోజులకు డబ్బా ఖాళీగా తిరిగి వచ్చింది.

అంతే. మొదటి నుంచి చివరి దాకా రాశాను.

ఫిబ్రవరి 12

"పూర్తిగా రాశావా?" అన్నాడు డాక్టరు. రాశానన్నాను. ఆయన నా ముఖం చూసి, "మళ్లీ రాయి" అన్నాడు.

ఫిబ్రవరి 15

బ్రహ్మచారితో నీళ్ల పంపు దాకా వెళ్లాను. అక్కడి నుంచి 2317 అగ్గిపెట్టెలా కనబడుతుంది. చెమటలు పట్టాయి. వాడు బీడీ ముట్టించి, నా వైపు చూడకుండా, వాళ్ల పెద్దమ్మ బుచ్చమ్మ కల్లు తాగి మామగారి తలపాగా ఎత్తుకుపోయిన కథ చెప్పాడు. కథ అయిపోయేసరికి ఆ డబ్బా వైపు చూస్తూ నిలబడగలిగాను. "రేపు సుత వద్దాం. ఇంక మస్తు కథలున్నయ్ మా పెద్దమ్మవి" అన్నాడు.

ఫిబ్రవరి 20, ఆదివారం

మళ్లీ రాస్తున్నాను. డబ్బా తిరిగి వచ్చాక జరిగింది మాత్రం రాస్తాను. ముందుది తర్వాత.

చూడాల్సిన పని నాదే కాబట్టి నేనే ఎక్కాను. కిటికీ చెక్కలు విరిగి ఉన్నాయి. ఎవరో ఫినాయిలుతో కడిగారు, అయినా బల్లల సందుల్లో ఎండిన నలుపు మిగిలే ఉంది. బల్ల కింద జానీమియా పచ్చజెండా. వాడు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్, నాతో పాటే ఉద్యోగంలో చేరాడు. జెండాను చుట్టి సుతిలీ తాడు కట్టకుండా ఎక్కడా పెట్టడు, పెళ్లాం మీద కన్నా దాని మీదే ప్రేమ అని ఎగతాళి చేసేవాళ్లం. ఆ జెండా విప్పి, నలిగి, నేల మీద పడి ఉంది. వంగి తీశాను. అప్పుడు గాలికి నా వెనక తలుపు మూసుకుంది.

దబ్.

తర్వాత బ్రహ్మచారి నన్ను కిందికి దించేదాకా నాకేమీ గుర్తు లేదు. గంట సేపు లోపలే ఉన్నానట.

ఫిబ్రవరి 26

ఇది డాక్టరుకు చెప్పాను. ఆయన కలం మూత పెట్టాడు. తర్వాత, "మంచి చక్రాన్ని కొట్టినప్పుడు నీకు వినబడుతున్నది ఏ చప్పుడు?" అన్నాడు.

ఇరవై ఆరేళ్ల చెవి నాది. అది చక్రం చప్పుడు కాదని నాకెందుకు తెలియలేదు? తలుపు చప్పుడది. కొట్టిన ప్రతిసారీ ఆ తలుపే మూసుకుంటోంది.

మార్చి 2, బూడిద బుధవారం

డబ్బాను ముట్టుకున్నాను. ఎండకు వెచ్చగా ఉంది. పశువు డొక్కలా ఉంది. పేరు పెట్టి పిలిచాను, ఎవరి పేరో నాకే తెలియలేదు.

మార్చి 9

మెట్టు మీద కూర్చున్నాం. బుచ్చమ్మ రెండో పెళ్లి కథ.

మార్చి 10

ఏమీ లేదు.

మార్చి 13, ఆదివారం

కల. నేను డబ్బాలో కూర్చున్నాను, ఎదురుగా జానీమియా. బయట హుసేన్‌సాగరు, నీళ్ల మీదుగా పోతోంది బండి. జకర్యా భాయ్, కార్డు రాసిన, అందలేదా, అంటాడు. అందలేదంటాను. రాసిన భాయ్, అంటాడు. నీళ్లలో కార్డులు తేలుతూ పోతున్నాయి, తెల్ల తామరాకుల్లా. వంగితే అందవు.

చేరగానే కార్డు రాయమని నేనే చెప్పాను ఆ రోజు. సెప్టెంబరు నుంచి రోజూ పోస్టు జవాను కోసం చూస్తున్నాను. చూడటం లేదని జనవరిలో రాశాను. అబద్ధం.

మార్చి 20, ఆదివారం

ఇప్పుడు రాస్తాను. మూడోసారి. ఇక దాటెయ్యను.

జానీమియా తల్లి బీదరు అవతల ఊళ్లో ఒంటరిగా ఉంది. అటు ముసల్మానుల మీద దాడులు జరుగుతున్నాయని విని తల్లిని తెచ్చుకుంటానన్నాడు. హుసేన్‌బీ వద్దంది. భార్యను, పిల్లను ఇక్కడ వదిలి పోవడానికి వాడికి ధైర్యం చాలలేదు, వెంట వెళ్లడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. ప్లాట్‌ఫారం మీద ఇద్దరూ పోట్లాడుకున్నారు. వాడు నీళ్ల కుండ నింపుకోవడానికి వెళ్లినప్పుడు ఆమె నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"జకర్యన్నా, నీకు దండం పెడ్త. ఈ డబ్బ మీద సిక్ అని రాయి. బండి నుంచి ఇడదీస్తరు, వేరే డబ్బలల్ల జాగ లేదు. ఆయన ఇయ్యాల పోడు. రేపటికి నేను ఆయన మనసు మారుస్త. ఒక్క మాట అన్నా. ఒక్క సిక్."

అప్పటికే ఎనిమిది చక్రాలూ కొట్టాను. ఎనిమిదీ గుడి గంటల్లా పలికాయి. చాక్‌ముక్క నా వేళ్లలో ఉంది.

"మంచి చక్రం మీద సిక్ అని ఎట్ల రాస్తనమ్మా" అన్నాను.

నా పేరు. నా ఇరవై ఆరేళ్ల చెయ్యి. దొరలు మెచ్చుకునే నిజాయితీ. అదంతా ఆ క్షణంలో నాకు ముగ్గురి ప్రాణాల కన్నా ఎక్కువైంది. అలా అనుకోలేదు, నిజమే, అసలేమీ అనుకోలేదు. అలవాటు. ఫిట్ అని రాశాను. జానీమియా వచ్చి, కుండ లోపల పెట్టి, నా భుజం తట్టి ఎక్కాడు. నూరీ చెయ్యి ఊపింది. హుసేన్‌బీ నా వైపు చూడలేదు.

ఆ రోజు రాయని సిక్‌ను జనవరి నుంచి కనబడిన ప్రతి డబ్బా మీదా రాస్తున్నాను.

పుస్తకం మూయకుండా ప్రేమమణికి ఇచ్చాను. చదివింది. నా కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని కూర్చుంది, పొద్దు వాలేదాకా.

మార్చి 30

డబ్బాలో కూర్చున్నాను. తలుపును బ్రహ్మచారి తెరిచి మూశాడు, తెరిచి మూశాడు. ఇరవైసార్లు. మొదటిసారికి మూత్రం పోసుకున్నాను. ఇరవయ్యోసారికి విసుగొచ్చింది. "చాల్రా నాయనా, తలుపు ఊడొస్తది" అంటే వాడు నవ్వాడు. నేనూ నవ్వానట. వాడే చెప్పాడు.

ఏప్రిల్ 6

చక్రాన్ని కొడితే ఇంకా దబ్బే. బ్రహ్మచారి ఒక ఉపాయం చెప్పాడు. "చెవి ఝూట్ చెప్తే చెయ్యి పెట్టన్నా. మంచి చక్రం కొట్టినంక జెరసేపు వణుకుతనే ఉంటది. పగిలిందైతే ఎంబడే సచ్చిపోతది." చెయ్యి పెట్టాను. వణికింది. చేతికి తెలిసింది గానీ చెవికి తెలియలేదు. మే ఒకటికి ఇంకా ఇరవై అయిదు రోజులు.

ఏప్రిల్ 17, ఈస్టర్

తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధన. వెళ్లాను. జానీమియా సమాధి ఎక్కడో తెలియదు. ఎవరిదో పేరు చెరిగిపోయిన రాయి పక్కన నిలబడి పాడాను.

ఏప్రిల్ 20, బుధవారం

ప్రేమమణి బోయిన్‌పల్లి సంత నుంచి కూరగాయలు లేకుండా ఖాళీ సంచితో వచ్చింది. గుమ్మంలోనే కూలబడింది.

"హుసేన్‌బీ బతికే ఉందండీ. నూరీ కూడా. అక్కడే ఆమె పిన్ని ఇంట్లో ఉన్నారు."

"జానీమియా?" అన్నాను.

ప్రేమమణి తల అడ్డంగా ఊపింది.

ఏప్రిల్ 21

వెళ్లలేను. ఏ ముఖం పెట్టుకుని వెళ్లను?

ఏప్రిల్ 24, ఆదివారం

ఆమే వచ్చింది. నూరీ బాగా పొడుగైంది. ప్రేమమణి ఇచ్చిన రొట్టె చేతిలో పట్టుకుని తినకుండా తలుపు వైపే చూస్తూ కూర్చుంది. నేను రోజూ అద్దంలో చూసే చూపే అది.

హుసేన్‌బీ కొంచెం కొంచెంగా చెప్పింది. "ఏందో చిన్న టేషన్. మనుషులు ఎక్కిండ్రు. ఆయన మమ్మల్ని బల్ల కిందికి నూకిండు. గార్డు పారిపోయిండు. ఆయన కిటికిలకెల్లి పచ్చజెండ ఊపిండు అన్నా. డ్రైవరు చూసి బండి తీసిండు. అప్పటికే ఆయన్ని…"

ఆగింది. నూరీ రొట్టె కింద పెట్టింది.

"బండి కదిలింది గన్క మేం మిగిలినం. ముందటి టేషన్ల ఒక అవ్వ దాచింది మమ్మల్ని, పోయిన నెలనే ఎడ్లబండ్ల ఈడికొచ్చినం."

జెండా ఎందుకు విప్పి ఉందో ఏడు నెలల తర్వాత తెలిసింది. లోపలికి వెళ్లి పెట్టెలోంచి తెచ్చి ఇచ్చాను. ఆమె దాన్ని ఒళ్లో పరుచుకుని మడతలు సరిచేసింది.

"నన్ను తిట్టు భాభీ" అన్నాను.

"తిడ్దామనే వచ్చిన" అంది. "ఆ దినం నువ్వు ఝూట్ రాసుంటే మంచిగుండు. అడిగిన గదా. రాయలే నువ్వు. దినాం ఆ మాటనే యాదికొస్తది." కళ్లు తుడుచుకుంది. "ఇప్పుడు కాజీపేట్ల మా అన్న దగ్గరికి పోవాలె. మూడుసార్లు టేషన్‌కు పోయి మళ్లొచ్చినం. పిల్ల డబ్బ ఎక్కది, ఒర్లుతది. నాకు సుత కాళ్లు రావు. మంగళారం బండికి పోతం. నువ్వు చక్రం కొట్టి చెప్పు. నువ్వు ఝూట్ చెప్పవు, నా కన్న ఎక్కువ ఎవ్వరికెర్క ఆ సంగతి? ఇయ్యాల నాకు నిజమే గావాలె."

ఏప్రిల్ 26, మంగళవారం

రిచర్డ్ దొరను అడిగితే ఒక్క బండికి ఒప్పుకున్నాడు. పొద్దున ఏడు గంటలు. ఆవిరి ప్లాట్‌ఫారం నిండా పరుచుకుని ఉంది, మనుషులు మోకాళ్ల పైనే ఉన్నట్టు. కలలో నడిచినట్టే నడిచాను. వాళ్లు ఎక్కాల్సిన డబ్బా దగ్గర ఇద్దరూ చేతులు పట్టుకుని నిలబడ్డారు.

మొదటి చక్రం కొట్టాను. దబ్.

హుసేన్‌బీ నా ముఖం చూస్తోంది. సిక్ అని రాయొచ్చు. ఎవరూ ఏమీ అనరు, నాకు జబ్బని అందరికీ తెలుసు. రాస్తే ఆమె ఎప్పటికీ బండి ఎక్కదు. రాయకపోతే, ఒకవేళ నిజంగానే పగులుంటే?

అరచెయ్యి పెట్టాను. ఇనుము వణుకుతోంది. "నూరీ, రా బిడ్డా" అన్నాను. వచ్చింది. దాని చెయ్యి నా చెయ్యి పక్కన పెట్టించి మళ్లీ కొట్టాను.

"గుయ్‌మంటుంది చాచా" అంది నూరీ. నాకు ఇంకా వినబడలేదు.

మూడోసారి కొట్టాను. చెవిలో తలుపు మూసుకుంది, మూసుకోనిచ్చాను, పారిపోలేదు. ఆ చప్పుడు అణిగాక దాని వెనక నుంచి, దూరం నుంచి వచ్చినట్టు, సన్నగా వచ్చింది. ఠంగ్. ఎంతసేపు పలికిందో! రెండో చక్రానికి ఇంకా దగ్గరగా వినబడింది. ఎనిమిదో చక్రానికి నా చెవి నాదే.

"ఎట్లున్నది అన్నా?" అంది హుసేన్‌బీ.

"మంచిగున్నది. ఎనిమిదికి ఎనిమిది."

"ఒట్టు?"

"ఒట్టు భాభీ."

ఫిట్ అని రాశాను. అక్షరం కొంచెం వంకరపోయింది. నూరీ ముందు ఎక్కింది. కిటికీలోంచి పచ్చజెండా అంచు కొంచెం కనబడింది. చేరగానే కార్డు రాయమని చెబుదామని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆమే అంది, "కార్డు రాస్త."

మిగతా బండంతా చూశాను. పదకొండు డబ్బాల్లో పది ఫిట్, ఒకటి సిక్. ఆ డబ్బాను విడదీస్తుంటే రిచర్డ్ దొర పళ్లు కొరికాడు. మధ్యాహ్నం బ్రహ్మచారి దాని చక్రానికి నూనె పట్టించి, సుద్ద పూసి, నన్ను పిలిచాడు. తెల్లటి సుద్ద మీద వెంట్రుకంత సన్నగా నల్లగీత లేచింది.

ఏప్రిల్ 29, శుక్రవారం

పోస్టు జవాను మన గుమ్మం ముందు ఆగాడు. కార్డు. నూరీ చేతిరాత, ప్రేమమణి నేర్పిన గుండ్రటి అక్షరాలు. 'చేరినం' అని ఒక్క మాట.

వంటింట్లో పీట మీద కూర్చుని ఏడ్చాను. జానీమియా కోసం ఏడవడం ఇదే మొదటిసారి. వాడి భుజాలు, వాడి బీడీ వాసన, జెండా చుట్టేటప్పుడు వాడు నాలుక పంటి కింద పెట్టుకునే తీరు, అన్నీ వచ్చాయి. ప్రేమమణి నా పక్కనే కింద కూర్చుంది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. ఇద్దరం లేవలేదు.